సోయి

మెట్టుగూడలో రైలు పోయిన ప్రతిసారీ
మఠం గ్రంథాలయం అద్దాలు కాస్త గొణుగుతాయి.
చదువుతున్నవాళ్ళు ఆగుతారు.
గూడ్సయితే, ఒక చాయ్ తాగేంతసేపు.

నెలలో నాలుగో శనివారం, నాలుగింటికి.
మాకు పేరు లేదు, బోర్డు లేదు.
రసీదు పుస్తకం అచ్చు వేయిద్దామని
పోస్టాఫీసు రాజమల్లు ఒకసారి అంటే
బ్రదర్ ఇన్నయ్య నడుముకున్న తాడు తడుముకున్నాడు.
మూడు ముడులు. ఒకటి పేదరికానికట.
రసీదు పుస్తకం అక్కడే ఆగిపోయింది.

ఇక్కడి పుస్తకం గడప దాటకూడదని రూలు.
ఆ రూలుకే మేం పుట్టాం.
చేతుల్లో తీసుకుపోలేనిదాన్ని
ఒకరు పైకి చదివితే
మిగతావాళ్ళు చెవుల్లో మోసుకుపోవచ్చు కదా!

వహీద్ సాబ్ చదవడు, కుడతాడు.
మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపి
లాటిన్‌కీ తెలుగుకీ ఒకటే దారం.
"పురుగుకు భాష రాదు బేటీ, రుచే తెలుసు."

నేను దొంగని.
ఈ మాట అనడానికి పదకొండేళ్ళు పట్టింది.

కింది అరలో, చెదలు వదిలేసిన మూల,
ఎప్పుడో ఇటలీ నుంచి వచ్చిన ఒక స్వామి
తెలుగు నేర్చుకుంటూ రాసుకున్న నోటుబుక్కు.
ఎడమవైపు మన మాట, కుడివైపు తన అర్థం,
కింద సన్నగా, చెప్పినవాళ్ళ పేరు.
దూప: జట్కా మల్లయ్య.
తొవ్వ: తోటమాలి ఖాసిం.
అంబలి, బుగులు, కైకిలి: వంట శౌరమ్మ.

శౌరమ్మ మా నాయనమ్మ.
వేలిముద్ర తప్ప రాత ఎరగని మనిషి.
ఆమె పేరు సిరాలో నేను చూసిన చోటు
అదొక్కటే.
చీర కుచ్చిళ్ళలో దోపుకొని గడప దాటాను.

మొన్న శనివారం ఇన్నయ్య లేచి నిలబడ్డాడు.
మఠంలో ఇక ఆయనొక్కడే.
పుస్తకాలు బెంగుళూరు పోతాయట,
లెక్క అప్పజెప్పాలట.
దుమ్ముకు తుమ్ముతూ రెండు రోజులు లెక్కపెట్టాం.
నాలుగువేల రెండువందల పదహారు.
రిజిస్టరులో పదిహేడు.
"పురుగు తినుంటది," అన్నాడు ఇన్నయ్య
నా వైపు చూడకుండా.
ఆ చూడకపోవడంతోనే
ఆయనకు ఎప్పట్నుంచో తెలుసని తెలిసింది.

సంచిలోంచి తీసి బల్లమీద పెట్టాను.
ఎవరూ ఏమీ అనలేదు, గూడ్సు పోతోంది.
అది పోయాక రాజమల్లు మొదటి పుట తిప్పాడు,
ఉత్తరాలు పంచే గొంతుతో చదువుకుంటూ పోయాడు.
చివరి పుట, చివరి మాట: సోయి.
చెప్పినది శౌరమ్మ.
కుడివైపు ఏదో రాసి కొట్టేసి,
మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి,
మిగిలిందంతా తెల్లకాగితం.

"హోష్," అన్నాడు వహీద్ సాబ్.
"ధ్యాస కదా," అన్నాడు రాజమల్లు.
"అంతరాత్మకు దగ్గర," ఇన్నయ్య.
"ఫోన్ బోర్లా పెట్టడం," అంది నర్సింగు చదివే ఎస్తేరు.
నేను మాట్లాడలేదు.
నా చెవిలో నాయనమ్మ అరుస్తోంది,
"పాలు పొంగిపోతున్నయ్, సోయి లేదా నీకు!"
ఆ రోజు ఆయన్నే అరిచిందేమో.
పాలు చూస్తుండు సామీ అని బావికి పోతే
పుస్తకంలో పడి కూచున్నాడేమో.
తిట్టని తెలియక, తిన్నగా పెన్ను తీశాడేమో.

ఇంతలో వరండాలో చాయ్ పొంగి స్టవ్ ఆరింది.
మాడు వాసనకు అయిదుగురం ఒక్కసారే లేచాం.

తిరిగొచ్చేసరికి పెన్ను మూత తీసే ఉంది.
ఆ ఖాళీలో ఎవరూ ఏమీ రాయలేదు.
లారీ మంగళవారం వస్తుంది.
వచ్చే నెల ఎక్కడ కూచోవాలో ఇంకా అనుకోలేదు.

వహీద్ సాబ్ నోటుబుక్కు వీపు నిమిరి
"కుట్లు ఊడినయ్, టైం పడ్తది," అన్నాడు.
"మంగళవారానికైతే కాదు."
ఇన్నయ్య కళ్ళజోడు తుడుచుకొని
రిజిస్టరులో పదిహేడో దాని ఎదుట
'కుట్టుకు ఇచ్చాం' అని రాశాడు.
తారీఖు వేయలేదు.